పలకని ఎస్

గువ్వా,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ అమ్మా, వంటింటి కుళాయీ ముగ్గురం క్షేమమే. కుళాయి మాత్రం ఏ గుట్టూ దాచుకోలేక ఎప్పటిలాగే కారుతూ ఉంది. అక్కడ నువ్వూ, అల్లుడూ, మా మనవరాలు చీమా, నీ రంపాలూ ఉలులూ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తూ రాస్తున్నాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. నేను నాలుగుసార్లు చదివాను. మీ అమ్మ రెండుసార్లు తనే చదువుకుని, మూడోసారి నా చేత చదివించుకుంది. నేను చదివితే నీ గొంతు వినపడుతుందట. నా గొంతులో నీ గొంతు ఎలా వినపడుతుందో నాకు తెలియదు కానీ, మీ అమ్మతో వాదించి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు కదా.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు రాస్తాను. అమ్మ మోకాలు నయం. మెట్లెక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని రోజూ మెట్లెక్కి, పై వాటావాళ్ళావిడకు 'డాక్టరు మెట్లెక్కొద్దన్నాడమ్మా' అని చెప్పి దిగొస్తోంది. అల్లుడు పంపిన తైలం బాగానే పనిచేస్తోంది, ఇంకో సీసా పంపమంది. నువ్వు మేకులు పోసుకునే రేకు డబ్బా మూత ఊడిపోయిందనీ, ఇక పారేస్తాననీ రాశావు. ఆ ఓడ బొమ్మ డబ్బాను మాత్రం పారెయ్యకు గువ్వా. ఎందుకన్నది ఈ ఉత్తరంలోనే తర్వాత వస్తుంది.

'రిటైరైన మనిషివి, రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికి పోతున్నావు నాన్నా?' అన్న ప్రశ్నకు కొంచెం పెద్ద జవాబే ఉంది.

ఇక చివరి ప్రశ్న. చీమ ఇంగ్లీషు క్లాసులో నోరు తెరవడం లేదనీ, లేపి చదవమంటే నేల చూస్తూ నిలబడుతోందనీ, టీచరు మొద్దు అంటోందనీ రాశావు. 'నా పోలికే వచ్చినట్టుంది నాన్నా. నా చెవి మొదటినుంచీ మొద్దే కదా, తప్పు విని తప్పు చదివేదాన్ని. ఆ బడి మాన్పించి, ఇంగ్లీషు గొడవ లేని చోట వేసేస్తే పిల్ల సుఖపడుతుందేమో. ఏ సంగతీ నెలాఖరులోగా చెప్పమన్నారు. నువ్వు మాస్టారివి, నువ్వెలా అంటే అలా' అని రాశావు.

ఈ నాలుగు ముక్కలు చదివాక నాకు రెండురోజులు మరేదీ తలకెక్కలేదు. దీనికి జవాబు చివర రాస్తాను. నిన్ను ఊరించడానికి కాదు. అది రాయడానికి నాకే ఇంకా ధైర్యం చాలడం లేదు. రాస్తూ రాస్తూ ఉంటే వస్తుందని ఆశ.

ముందు ఇస్త్రీ చొక్కా సంగతి చెబుతాను. పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న ప్రచురణ సంస్థవాళ్ళు అయిదారేళ్ళ పిల్లలకోసం ఇంగ్లీషు మాటల పుస్తకం ఒకటి చేస్తున్నారు. రోజూ వాడే అయిదువందల మాటలు. ఒక్కో మాటకు తెలుగులో ఒక్కటే వాక్యం, పిల్లకు మళ్ళీ ఇంకొకరిని అడిగే పని లేకుండా. ముప్పైఆరేళ్ళు ఇంగ్లీషు చెప్పిన మాస్టారని ఆ వాక్యాలు రాసే పని నాకిచ్చారు. ఇదెంతసేపు, నెలలో అవగొట్టేస్తాననుకున్నాను. గువ్వా, ఏడునెలలైంది.

ఆ పుస్తకానికి ఎడిటరు ఒకావిడ ఉంది, నీకంటే చిన్నదే. వాక్యంలో ఒక్క మాట ఎక్కువున్నా సహించదు. ఆఫీసులో అందరం చాటుగా కత్తెరమ్మ అంటాం. మొదటిరోజే నా ముందు మూడు షరతులు పెట్టింది. అర్థం చెప్పే మాట, అసలు మాటకంటే కష్టంగా ఉండకూడదు. తలుపు అంటే తెరిచేది, తెరవడం అంటే తలుపును చేసేది అని గుండ్రంగా తిప్పకూడదు. మూడోది అన్నిటికంటే ఘోరమైనది. రాసిన ప్రతి వాక్యాన్నీ పిల్లల దగ్గర పరీక్షించాలి.

ఆ పరీక్ష ఇలా జరుగుతుంది. మంగళవారం, శుక్రవారం నేను రెండు వీధుల అవతల ఉన్న బడికి వెళతాను. రెండో తరగతి గదిలో వెనక కిటికీ పక్కన పదిమంది పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుంటాను. మాట చెప్పకుండా అర్థం ఒక్కటే చదువుతాను. అదేమిటో వాళ్ళు చెప్పాలి. పదిమందిలో ఏడుగురు చెప్పగలిగితే పాసు. లేకపోతే ఫెయిలే. ఫెయిలయ్యేది పిల్లలు కాదు, నేను. ఒక తరగతి గదిలో నేను ఫెయిలవడం నా జన్మలో అదే మొదలు.

మొదటిరోజు అంబ్రెల్లాతో మొదలుపెట్టాను. 'వాన వచ్చినప్పుడు మనల్ని తడవకుండా కాపాడేది' అని దర్జాగా చదివాను.

"ఇల్లు!" అన్నారు నలుగురు.

"మా అమ్మ!" అంది ఒక పిల్ల.

"సెలవు!" అన్నాడు ఇంకొకడు. వానొస్తే సెలవిస్తారు, బయటికే వెళ్ళక్కర్లేదు, ఇక తడిసేదేముంది? వాడి వాదనలో తప్పెక్కడుందో నీకేమైనా కనిపిస్తే రాయి.

కుర్చీ ఇంకా అన్యాయం. 'నాలుగు కాళ్ళుంటాయి, మనం కూర్చుంటాం' అన్నాను. గుర్రం అన్నారు. సరేనని మార్చి, 'మనం వెనక్కి ఆనుకుని కూర్చునేది' అన్నాను. 'తాతయ్య పొట్ట!' అని అరిచారు. అది నా పొట్ట గురించో, వాళ్ళ తాతల పొట్టల గురించో అడిగే ధైర్యం చెయ్యలేదు. ఆరోజు పదకొండు వాక్యాలు పట్టుకెళ్ళి రెండు పాసు చేయించుకుని, మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాను. మీ అమ్మ నవ్వీ నవ్వీ మంచినీళ్ళు తాగాల్సొచ్చింది.

ఆ తర్వాత తర్వాత నాకు వేరే సంగతి అర్థమవడం మొదలైంది. నా వాక్యం ఫెయిలైనప్పుడల్లా, 'మరి మీరైతే ఎలా చెబుతారర్రా?' అని అడగడం అలవాటు చేసుకున్నాను. అప్పుడు వాళ్ళు చెప్పేవి వింటూ, నా వాక్యం కొట్టేసి వాళ్ళదే రాసుకున్న రోజులున్నాయి.

ఎంప్టీ అన్న మాటకు నేను 'లోపల ఏమీ లేనిది' అని రాశాను. 'మా అన్నయ్య బుర్ర' అని ఒకడు జోకేశాడు, అందరం నవ్వాం. ముందుపళ్ళు రెండూ ఊడిన పిల్ల ఒకతె ఉంది, బోసి అంటాను నేను. అది మాత్రం నవ్వలేదు. "కాదు తాతయ్యా, ఎంప్టీ అంటే ఇంకా బోలెడు పట్టేది" అంది. ఖాళీ గిన్నె చూస్తే మనకు లేనిది కనిపిస్తుంది. దానికి పట్టేది కనిపించింది. ఇన్నేళ్ళూ ఖాళీని నేను తప్పువైపునుంచి చూశానా అనిపించింది.

టుమారో అయితే తేలికే అనుకున్నాను. 'ఇవాళ తర్వాత వచ్చే రోజు.' తొమ్మిదిమంది చెప్పేశారు. పదోవాడు చెయ్యెత్తాడు.

"అదెప్పుడొస్తుంది తాతయ్యా?"

"తెల్లారగానే వస్తుందిరా."

"తెల్లారగానే వచ్చేది ఇవాళ కదా?"

వాడే కాసేపు ఆలోచించి, "పడుకునే ముందు ఉంటుంది, లేచాక ఉండదు. అదే టుమారో" అని తేల్చేసి పెన్సిలు చెక్కుకోవడంలో పడ్డాడు. నియర్ అంటే అమ్మ మామూలుగా పిలిస్తే వినపడేంత. ఫార్ అంటే అమ్మ అరిస్తేనే వినపడేంత. ఇది బోసి చెప్పింది. అడుగులూ గజాలూ ఏవీ అక్కర్లేకుండా దూరాన్ని అమ్మ గొంతుతో కొలిచేసింది. కత్తెరమ్మ కూడా దాన్ని ముట్టుకోకుండా యథాతథంగా అచ్చుకిచ్చింది.

ముప్పైఆరేళ్ళు ఇలాంటి పిల్లల ముందే నిలబడ్డాను గువ్వా. ఏటా నలభైమంది. ఒక్కరినైనా 'నువ్వైతే ఎలా చెబుతావు?' అని అడగలేదు. నేను చెప్పడం, వాళ్ళు అప్పజెప్పడం. ఎంత సంపద నా బెంచీలమీద కూర్చుని, గంట కొట్టగానే లేచి వెళ్ళిపోయిందో తలుచుకుంటే దిగులు కంటే ముందు ఆశ్చర్యమే కలుగుతోంది.

ప్లీజ్ సంగతి కూడా చెప్పాలి. దానికి తెలుగు మాట 'దయచేసి' అని రాసుకెళ్ళాను. "దయచేసి అంటే ఏంటో తెలుసా?" అని అడిగితే, "బోర్డు మీద ఉంటుంది" అన్నారు ముక్తకంఠంతో. నిజమే కదా! దయచేసి చెప్పులు ఇక్కడ విడువుము, దయచేసి ఉమ్మివేయరాదు. మన ఇళ్ళలో ఎవరైనా 'దయచేసి ఆ గ్లాసు ఇలా ఇవ్వు' అంటే ఎదుటివాళ్ళు భయపడతారు. మరి మన పిల్లలకు బతిమాలడమే తెలియదా అని బుర్ర గోక్కుంటూ కూర్చున్నాను. అప్పుడే నా పక్కన ఒకడు బోసిని రబ్బరు అడుగుతున్నాడు. "ఇవ్వవూ... ఒక్కసారి ఇవ్వవూ..."

ప్లీజ్ అక్కడ ఉంది! మన భాషలో అది వేరే మాటే కాదు. మాట చివర సాగదీసిన ఒక్క 'ఊ'. పుట్టినప్పటినుంచీ వింటున్నాను, నువ్వు నా మెడకు వేలాడి వందసార్లు అని ఉంటావు, చెవిన పడిందే గానీ ఎప్పుడూ చూడలేదు. ఇంటికొచ్చి మీ అమ్మకు చెబితే, "ఇది తెలుసుకోవడానికి ఏడు నెలలా?" అంది.

థాంక్యూకు కూడా ఇలాగే అవస్థ పడ్డాను. ప్రయోగం చేద్దామని మీ అమ్మ టీ తెచ్చిస్తే 'థాంక్యూ' అన్నాను. ఆవిడ నా నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది.

అలా ఒక్కొక్కటీ గట్టెక్కి, నాలుగువందల తొంభైతొమ్మిది మాటలు పూర్తయ్యాయి. ఒక్కటి మిగిలింది. దాని మూలంగా ఎస్ అక్షరం పేజీలన్నీ ప్రెస్సుకు పోకుండా ఆగిపోయాయి. ఆ మాట సారీ.

'క్షమించు' అని రాద్దామంటే, అదీ దయచేసి లాంటిదే, ఇళ్ళలో ఎవరూ వాడరు. అందుకని తేలికగా ఉండేలా రాసుకుని మొన్న మంగళవారం పట్టుకెళ్ళాను. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు అన్నమాట. 'తప్పు చేసి దొరికిపోయినప్పుడు మనం అనే మాట' అని చదివాను.

పదిమందీ ఒక్క గొంతుతో అరిచారు. "నేను కాదు!"

గదిలో ముందు కూర్చున్న పిల్లలు కూడా వెనక్కి తిరిగి చూశారు. వాళ్ళ టీచరమ్మ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఉండగా ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే గువ్వా, తప్పు చేసి దొరికిపోయినప్పుడు ఒక తరగతి గదిలో నిలబడి నేను అన్న మాట కూడా సరిగ్గా అదే.

ఇక నీ ప్రశ్నకు జవాబు రాస్తాను.

నీకప్పుడు ఏడేళ్ళు. నా క్లాసులోనే, రెండో బెంచీలో కూర్చునేదానివి. ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వచ్చారు. ఎవరినైనా పాఠం చదివించండి మాస్టారూ అన్నారు. నేను క్షణం ఆలోచించకుండా నిన్ను లేపాను. కూతురివని కాదు. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో నీ అంత గట్టిగా, నీ అంత స్పష్టంగా చదివినవాళ్ళు అప్పటికి లేరు, ఆ తర్వాతా రాలేదు. పడవ ప్రయాణం పాఠం. ఒక జడ రిబ్బను వదులై మెడమీద వేలాడుతోంది. పుస్తకం రెండు చేతులా ఎత్తి పట్టుకుని, గోడలు మోగేలా చదివావు. పడవ వెళ్ళి ఒక 'ఇస్‌లాండ్' చేరిందని చదివావు.

ఆయన చెయ్యెత్తి ఆపారు. "ఐలండ్ అనాలమ్మా. అందులో ఎస్ పలకదు. నీకిలా ఎవరు నేర్పారు?"

నీకు నేర్పింది నేనే గువ్వా.

నీకే కాదు, అప్పటికి పదకొండేళ్ళుగా ప్రతి ఏడూ ప్రతి పిల్లకూ 'ఇస్‌లాండ్' అనే నేర్పాను. నేను ఇంగ్లీషును కళ్ళతో నేర్చుకున్నవాణ్ణి, చెవులతో కాదు. మాకు చెప్పిన మాస్టారూ అంతే. అక్షరం రాశారంటే పలకాలి, పలకనిదాన్ని ఎందుకు రాస్తారు అన్నది మన భాష మనకు నేర్పిన న్యాయం. ఆ మాటను పలికినవాళ్ళెవరినీ నేను ఆరోజు దాకా వినలేదు. నువ్వు విన్నది సరిగ్గా విన్నావు. చదివింది సరిగ్గా, నేను నేర్పినట్టే చదివావు. తప్పు నీ చెవిలో లేదు, నా నోట్లో ఉంది.

ఆయన అలా అడగగానే నువ్వు తల తిప్పి నా వైపు చూశావు. నా తల కొట్టేసినట్టయింది. అప్పుడు నేను అన్నాను, "నేను కాదు సార్. ఇంట్లో తనంతట తనే ఏదో చదివేస్తూ ఉంటుంది. మొద్దు పిల్ల, చెప్పింది ఒక పట్టాన చెవికెక్కదు." అని నవ్వాను. నేను నవ్వితే క్లాసంతా నవ్వింది. నువ్వు నా కూతురివని ఆయనకు తెలియదు. ఆ గదిలో పిల్లలందరికీ తెలుసు. నీకు తెలుసు.

నువ్వు ఒక్క మాటంటే చాలు. 'మీరే కదా నేర్పారు' అంటే చాలు, నా పని అయిపోయేది. నువ్వు పుస్తకం కిందకు దించి, "నేనే సార్. నేనే తప్పు చదివాను" అన్నావు.

ఏడేళ్ళ పిల్లవి. ఆ మాట నీకెక్కడినుంచి వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. కొండంత మనిషిని ఒక పిసరంత పిల్ల తన వెనక దాచేసుకుంది. ముప్పైఏళ్ళుగా ఆ క్షణాన్ని తలుచుకున్నప్పుడల్లా సిగ్గుతో పాటు ఆశ్చర్యంతో చితికిపోతూనే ఉన్నాను.

మర్నాడు క్లాసుకొచ్చి, ఎప్పటినుంచో అలాగే చెబుతున్నవాడిలా 'ఐలండ్' అని నేర్పాను. పిల్లలు నిన్ను 'ఇస్‌లాండు' అని పిలవడం మొదలుపెట్టారు. విని కూడా విననట్టు ఊరుకున్నాను. వారం తర్వాత ఓడ బొమ్మ ఉన్న రేకు పెన్సిలు డబ్బా కొని నీ సంచిలో పెట్టాను, ఎందుకో చెప్పకుండా. నువ్వు మేకులు పోసుకునే డబ్బా అదే. నోటితో చెప్పలేనివాడు రేకుతో చెప్పబోయాడు.

ఆ తర్వాత నువ్వు మళ్ళీ ఎప్పుడూ పైకి చదవలేదు. పరీక్షలన్నీ రాసి గట్టెక్కావు. చెక్కపని నేర్చుకున్నావు, తలుపులూ కిటికీలూ నీ అంత నిక్కచ్చిగా బిగించేవాళ్ళు లేరని పేరు తెచ్చుకున్నావు. కానీ పోయినేడు నీ షెడ్డుకు వచ్చినప్పుడు చూశాను. ఎవరో ఇంగ్లీషులో ఆర్డరు కాగితం తెచ్చి, కాస్త చదివి సరిచూడమన్నారు. నువ్వు దాన్ని పక్కనున్న పనివాడికిచ్చి, "నువ్వు చదువు, నేను కళ్ళద్దాలు మర్చిపోయాను" అన్నావు. నీకు కళ్ళద్దాలే లేవు గువ్వా.

అయినా అప్పుడు కూడా నేను నోరు మెదపలేదు. నీకు అసలు సంగతి గుర్తుందనీ, పెద్దమనసుతో మరిచిపోయినట్టు నటిస్తున్నావనీ నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఈ ఉత్తరంలో 'నా చెవి మొదటినుంచీ మొద్దే కదా' అని రాశావు. అది చదివాక తెలిసింది. నువ్వు నటించడం లేదు. నేను ఆడిన అబద్ధాన్నే నమ్మేశావు. నన్ను కాపాడడానికి అన్న మాటను నువ్వే నిజమనుకుని పెరిగి పెద్దదానివయ్యావు. ఇప్పుడు దాన్ని చీమ నెత్తిమీద కూడా పెట్టబోతున్నావు.

అందుకే చెబుతున్నాను. పోలిక లేదు, రక్తం లేదు, మొద్దు అంతకంటే లేదు. బడి మాన్పించకు. నోరు మూసుకున్న పిల్ల దగ్గర, ఆ నోరు మూయించిన మాట ఒకటి ఎక్కడో ఉంటుంది. చీమను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చదవమని కాకుండా, ఎవరు ఏమన్నారో అడుగు. టీచరుతో నేనే మాట్లాడతాను. ఇలాంటి టీచర్లు ఎలా ఉంటారో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

మంగళవారం కథ ఇంకా మిగిలే ఉంది. పిల్లలు 'నేను కాదు' అన్నాక నేను తేరుకుని, "మరి సారీ అంటే ఎలా చెబుతారర్రా?" అని అడిగాను. "మా అమ్మ సారీ అనదు, 'తిన్నావా?' అంటుంది" అన్నాడొకడు. పుట్టెడు సారీలు ఆ ఒక్క మాటలోనే నడుస్తాయి మన ఇళ్ళలో. కానీ అది పుస్తకంలో రాస్తే ఎవరికీ అర్థం కాదు. అప్పుడు బోసి గోళ్ళు చూసుకుంటూ అంది, "నేను కాదు అనకుండా, నేనే అనాలి. అని పారిపోకూడదు. అక్కడే నిలబడాలి."

మిగతా తొమ్మిదిమందీ తలూపారు. పక్క తరగతి పిల్లల మీద పరీక్షిస్తే పదికి పది. కత్తెరమ్మ చదివి, కత్తెర పక్కన పెట్టి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

ఎప్పుడో పూర్తయిన ఐలండ్‌ను మళ్ళీ తీసి ఒక వాక్యం కలిపితే మాత్రం ఆవిడకూ నాకూ పేచీ వచ్చింది. 'చుట్టూ నీళ్ళున్న నేల. ఇందులో ఎస్ ఉంటుంది, పలకదు' అని రాశాను. రెండో వాక్యం కొట్టేసింది. అర్థాల పుస్తకంలో పలకడాల గొడవెందుకు మాస్టారూ అంది. నీకు రాసినదంతా ఆవిడకు చెప్పాను. కొట్టేసిన గీతను రబ్బరుతో చెరిపేసింది.

ఆ వాక్యాన్ని నిన్న శుక్రవారం పిల్లలకు చదివాను. "పలకనప్పుడు ఎస్ అక్కడెందుకు తాతయ్యా?" అని అడిగింది బోసి. నా ఉద్యోగం మొత్తంమీద క్లాసులో ఎప్పుడూ అనని మాట అన్నాను. "నాకు తెలియదమ్మా" అన్నాను. అది నా చేతిలోని కాగితం మీదకు వంగి, ఆ అక్షరం మీద వేలు పెట్టి చూసింది. "వింటూ ఉందేమో" అంది.

అక్కడ ఇంక కూర్చోలేకపోయాను. బయట సైకిళ్ళ షెడ్డు దాకా వెళ్ళి, ఎవరి సైకిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాను. నువ్వే గుర్తొచ్చావు. ముప్పైఏళ్ళు పలకకుండా అన్నీ విన్నదానివి.

ఈ మధ్యాహ్నం మీ అమ్మకు మొత్తం చెప్పాను. బట్టలు మడత పెడుతున్నదల్లా ఆగిపోయింది. "ఆరోజు బడినుంచి వచ్చి, 'అమ్మా, నేను మొద్దునా?' అని అడిగింది. మీ నాన్న ఊరికే అనరు, బాగా చదువుకో అన్నాను" అంది. తర్వాత ఆవిడే, "ఇదంతా ఉత్తరంలో రాసి పోస్టులో పడేస్తే అయిపోయినట్టేనా? ఆ పిల్లేం చెప్పింది? పారిపోకూడదనీ, అక్కడే నిలబడాలనీ కదా!" అంది.

నిజమే. ఉత్తరంలో 'నేనే' అనడం తేలికే, నీ మొహం చూడక్కర్లేదు కదా. అందుకని వచ్చే శనివారం పొద్దుటి బండికి వస్తున్నాను. ఈ ఉత్తరం నాకంటే రెండురోజులు ముందే చేరుతుంది. చదివాక నీకు కోపం రావాలి, వస్తే దాచుకోకు. తలుపు వేసుకున్నా సరే, బయట నిలబడతాను. నువ్వు చేసిన తలుపే కాబట్టి చూస్తూ నిలబడడానికి బాగానే ఉంటుంది. తీసినప్పుడు నీ షెడ్డులో, నీ పనివాళ్ళ ముందు, చీమ వింటూ ఉండగా, ఆరోజు ఇన్‌స్పెక్టరు గారికి చెప్పాల్సిన జవాబు చెబుతాను.

పుస్తకం ప్రూఫు కాపీ తెస్తున్నాను. చీమ చేత చదివించడానికి కాదు. నేను పైకి చదువుతాను, నా తప్పులు అది దిద్దాలి. నీకిష్టమైతే నువ్వూ వచ్చి పక్కన కూర్చో. చదవమని అడగను. ఊరికే కూర్చోవూ.

తిన్నావా?

ఇట్లు,
నేనే,
నాన్న